కొనేముందు ఒక మాట

హెప్సిబాకి అబద్ధం చెప్పటం రాదు. ఇదేదో గొప్ప గుణమని మెచ్చుకోటానికి చెప్పటం లేదు. కొందరికి ఈత రాదు, కొందరికి సైకిలు రాదు, ఆమెకి ఇది రాదు. చెప్పబోతే ముందు చెవులు ఎర్రబడతాయి, తర్వాత మాట తడబడుతుంది, ఆఖరికి ఉన్నదంతా కక్కేస్తుంది. ఇలాంటి మనిషి బళ్ళో పంతులమ్మగా ఉంటే ఇబ్బంది లేదు, ఆసుపత్రిలో నర్సుగా ఉన్నా నెట్టుకొస్తుంది. ఖర్మకాలి నరసరావుపేటలో త్రికోటేశ్వరరావు గారి షోరూములో సామాన్లు అమ్మే పనికి కుదిరింది.

మిక్సీలు, గ్రైండర్లు, కూలర్లు, కుక్కర్లు, ఫ్యాన్లు. పెళ్ళికి ముందే ఆ కౌంటరు దగ్గర చేరింది. పెళ్ళయింది, పిల్ల పుట్టింది, ఆ పిల్ల బడికి పోయే వయసుకొచ్చింది, హెప్సిబా మాత్రం అక్కడే నిలబడి ఉంది. మొగుడు అనిల్ కుమార్ చిలకలూరిపేటలో నూలు మిల్లులో షిఫ్టుల మీద పనిచేస్తాడు. ఇద్దరి జీతాలూ కలిస్తేనే ఇల్లు నడిచేది.

కొన్న వస్తువు మంచిదైతే ఆడవాళ్ళు మళ్ళీ షాపు మొహం చూడరు. చెడ్డదైతే నేరుగా వస్తారు, అదీ ఓనరు దగ్గరికి కాదు, తమకి అంటగట్టిన పిల్ల దగ్గరికి. "అమ్మాయ్, జారు కారుతోంది." "అమ్మాయ్, కాలిన వాసన వస్తోంది." "అమ్మాయ్, మీటరు గిర్రున తిరుగుతోంది, ఇదేం కూలరే?" అలా విని విని, ఏ మిషను ఏ ఇంట్లో ఎన్నాళ్ళు బతికిందో, ఏ రోగంతో పోయిందో హెప్సిబాకి కంఠతా వచ్చేసింది.

త్రికోటేశ్వరరావు గారు చెడ్డవాడేం కాదు. పండక్కి బట్టలు పెడతాడు, ఒంట్లో బాగాలేదంటే సెలవిస్తాడు. కాకపోతే ఆయనకి రెండు బలహీనతలు. చవగ్గా వస్తే ఏ సరుకైనా లారీ నిండా దించుకుంటాడు. రెండోది బోణీ. పొద్దున మొదట గడప తొక్కిన బేరం కొనకుండా వెనక్కి పోయిందంటే ఆ రోజంతా శని పట్టినట్టేనని ఆయన నమ్మకం. కొసరడిగితే చెంచా కూడా ఇవ్వని మనిషి, బోణీ బేరాన్ని మాత్రం నష్టానికైనా వదలడు.

ఒకసారి ఈ రెండు బలహీనతలూ కలిసి హెప్సిబా నెత్తిన పడ్డాయి. ఆయన ఎక్కడినుంచో నీలం రంగు మిక్సీలు దించాడు. చూడ్డానికి ముద్దుగా ఉంటాయి. జారు అడుగున తిరిగే ప్లాస్టిక్ చక్రం మాత్రం నాలుగు పచ్చళ్ళకే అరిగిపోతుంది, మూత సరిగ్గా పట్టదు, కింద కారుతుంది. "ముందు ఇయ్యే చూపియ్యి హెప్సిబమ్మా, ఇయ్యే మంచియ్యని చెప్పు," అన్నాడు. ఆ పొద్దున బోణీకి రొంపిచర్ల నుంచి ఒకామె వచ్చింది. కూతురు వేరు కాపురం పెడుతోందట. నీలం మిక్సీని అటూ ఇటూ తిప్పి చూసి, ధర అడిగి, చివరికి మామూలుగా ఒక మాట అడిగింది.

"అమ్మాయ్, నీ ఇంటికైతే ఇదే కొంటావా?"

హెప్సిబా చెవులు మిరపపళ్ళయ్యాయి. "కొనను పిన్నీ," అంది.

ఆమె దణ్ణం పెట్టి మరీ ఎదురు షాపులోకి పోయింది. త్రికోటేశ్వరరావు గారు చేతిలో అగరొత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. తర్వాత ఆయన అన్న మాటలన్నీ ఇక్కడ రాయటం మర్యాద కాదు. "నా ఉప్పు తింటా నా బోణీనే చెడగొడతావా? ఇంకొక్కసారి ఇట్టా చేశావంటే వేరే చోటు చూసుకో," అన్నది మాత్రం చెప్పొచ్చు.

అప్పటినుంచి హెప్సిబా నోరు నొక్కుకుని నీలం మిక్సీలు అమ్మింది. అమ్మిన ప్రతి రోజూ ఇంటికొచ్చి అన్నం కెలికి వదిలేసేది. ఆ బాధ చూడలేక అనిల్ కుమార్ ఫోనులో ఆమెకొక బ్లాగు తెరిచిపెట్టాడు. "షాపులో చెప్పలేంది ఇందులో చెప్పుకో, నీ కడుపుబ్బరం తగ్గుద్ది," అన్నాడు. దానికి ఆమే పేరు పెట్టింది: కొనేముందు ఒక మాట.

ఆ బ్లాగులో తన పేరు పెట్టలేదు గానీ మిగతా అన్నీ పెట్టింది. నీలం మిక్సీ గురించి మొట్టమొదట రాసింది ఇలా ఉంది: "ఈ మిక్సీలో కొబ్బరి పచ్చడి అవుతుంది. పల్లీ పొడి కూడా అవుతుంది. ఎండుమిరపకాయలు వేశారా, మీరు వంటింట్లో ఉండరు, వీధిలో ఉంటారు." ఆ తర్వాత కూలర్ల మీద రాసింది, గ్రైండర్ల మీద రాసింది, పోపు పెట్టినంత సేపట్లో చార్జింగు తినేసే ఫోన్ల మీద రాసింది. నెల్లూరు నుంచి, ఖమ్మం నుంచి ఎవరెవరో ఆడవాళ్ళు కింద జవాబులు రాయటం మొదలుపెట్టారు. "అక్కా, మీరు చెప్పబట్టి బతికిపోయాం," అని ఒకామె రాసిన రోజున హెప్సిబా రెండుసార్లు అన్నం పెట్టించుకుని తింది.

కొన్నాళ్ళకి ఆ పేజీలో ప్రకటనలు రావటం మొదలైంది. ప్రకటనల కంపెనీవాళ్ళ నిబంధనలన్నీ ఆమె ఓపిగ్గా చదివింది. సొంత పేజీలో వచ్చే ప్రకటనలు తాము నొక్కకూడదు, ఇంట్లోవాళ్ళ చేతా తెలిసినవాళ్ళ చేతా నొక్కించకూడదు. సరే, మనకెందుకొచ్చిన గొడవని ఆమె గానీ అనిల్ కుమార్ గానీ పొరపాటున కూడా వాటి మీద వేలు పెట్టలేదు. చాలా రోజుల ఎదురుచూపు తర్వాత మొదటి డబ్బు బ్యాంకులో పడింది. పెద్ద మొత్తమేం కాదు. కానీ అబద్ధం చెప్పకుండా వచ్చిన డబ్బు. ఆమెకి అప్పుడే ఒక ఆశ పుట్టింది. ఇది ఇంకాస్త పెరిగితే చాలు, ఆ కౌంటరు దగ్గర మళ్ళీ నిలబడక్కర్లేదు.

ఆ వార్త విని అందరికంటే ఎక్కువ ఎగిరి గంతేసింది వాళ్ళమ్మ ఆరోగ్యమ్మ. కూతురి పక్కింట్లోనే ఉంటుంది. ఆమె పుట్టింటివాళ్ళు ఆర్.సి.ఎం., అంటే కేథలిక్కులు, మెట్టినింటి చర్చి వేరు. వచ్చిన కొత్తలో బిడియపడింది గానీ ఇప్పుడు ఆ చర్చికి ఆమె ఒక స్తంభం. బతుకంతా మిరపకాయల తొడిమలు తీసే కూలికి పోయింది. ఆ వేళ్ళు ఎంత మొద్దుబారాయంటే, కొత్తగా కొనిచ్చిన ఫోను ఆమె బొటనవేలిని వేలుగానే గుర్తించదు. చిటికెన వేలితో నొక్కాలి.

"మొదటి రాబడి ప్రథమ ఫలం. దేవుడి సన్నిధిలో పెట్టాల్సిందే," అంది ఆరోగ్యమ్మ. హెప్సిబా కాదనలేదు. కానీ ఆ ఆదివారం మాచర్లలో ఆడపడుచు ఇంట్లో శుభకార్యం ఉంది. డబ్బు పెట్టిన కవరు తల్లి చేతికిచ్చి, చీరలు సర్దుకుంటూ ఉంటే ఆరోగ్యమ్మ అడిగింది.

"ఇంతకీ ఈ డబ్బులు ఎవరిచ్చారే? ఊరికే ఎందుకిస్తారు?"

"నేను రాసే పేజీలో ప్రకటనలు వస్తయ్యమ్మా. చదివేవాళ్ళు ఎవరన్నా వాటి మీద నొక్కితే కంపెనీవాళ్ళు మనకి కొంత ఇస్తారు. నాకు బస్సుకి టైమైంది."

ఆమె చెప్పిందాంట్లో అబద్ధం లేదు. సగమే చెప్పింది, అంతే.

మాచర్ల నుంచి వచ్చిన రెండో రోజు పొద్దున, కాఫీ తాగుతూ బ్లాగు లెక్క తెరిచి చూసిన హెప్సిబా గ్లాసు కింద పెట్టేసింది. కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. ఎప్పుడూ నేల మీద పాకే రాబడి గీత గోడెక్కి కూర్చుంది. నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్న మొగుణ్ణి కుదిపి లేపింది. "ఏమయ్యా, లెగు! చూడు!" అనిల్ కుమార్ చూసి తనూ నోరెళ్ళబెట్టాడు. మర్నాడు ఇంకా పైకెక్కింది. ఆ మర్నాడు ఇంకా. "ఎండలు ముదిరినయ్ గదా, కూలర్ల మీద నువ్వు రాసింది అందరూ చదువుతున్నట్టున్నారు," అన్నాడాయన. అదే నిజమని ఇద్దరూ నమ్మారు. ఎవరు నొక్కుతున్నారు, ఏ ఊరినుంచి, చదివి నొక్కుతున్నారా చదవకుండానా, అన్నీ ఆ లెక్కలోనే కిందికి జరిపితే కనపడతాయి. సంతోషంలో ఉన్న మనిషి కిందికి జరపడు.

ఎక్కడో తనకి తెలియని ఊళ్ళలో, తనకి తెలియని వంటిళ్ళలో ఇంతమంది తన మాట చదువుతున్నారా అని తలుచుకుంటే హెప్సిబాకి ఒళ్ళు జలదరించేది. షాపులో కస్టమర్లకి ఫ్యాను రెక్కలు చూపిస్తూ తనలో తను నవ్వుకునేది.

సరిగ్గా అప్పుడే షోరూము ముందు లారీ ఆగింది. మళ్ళీ నీలం మిక్సీలు. "ఈసారి ఇంకా చవగ్గా వచ్చినయ్. కుక్కరు కొన్నోళ్ళకి సగం ధరకని బోర్డు కట్టు," అన్నాడు త్రికోటేశ్వరరావు గారు చేతులు రుద్దుకుంటూ.

హెప్సిబా బిల్లు పుస్తకం మూసింది. "సార్, ఇక నా వల్ల కాదు. అయి కారతయ్యని మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఈ జన్మలో ఇంకొకటి అమ్మను," అంది. ఆమె చెప్పులేసుకుని బయటికొచ్చింది. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళని చూశాం. ఈమె నడి ఏట్లో తగలేసింది, అదీ నవ్వుతూ.

కంపెనీ నుంచి మెయిలు ఆ వారంలోనే వచ్చింది. ఇంగ్లీషులో, మర్యాదగా, రంపంతో కోసినట్టు. మీ పేజీలో ప్రకటనల మీద పడుతున్న నొక్కుళ్ళు సహజమైనవి కావు. మీ ఖాతా మూసేశాం. చేరిన డబ్బు మీకు రాదు, ప్రకటన ఇచ్చినవాళ్ళకి తిరిగి పోతుంది. మీరు కొత్త ఖాతా తెరవకూడదు. హెప్సిబా చదివింది. అర్థం కానట్టు మళ్ళీ చదివింది. అనిల్ కుమార్ చేతికి ఫోనిచ్చి, "నాకు ఇంగ్లీషు సరిగ్గా రాదేమో, నువ్వు చూడు," అంది. ఆయన చదివాడు. ఇంగ్లీషు ఇద్దరికీ ఒకేలా అర్థమైంది.

చెప్పుకోటానికి ఒక అవకాశం ఉందంటే, కూర్చుని జవాబు రాసింది. మావాళ్ళెవరూ ఒక్కసారి కూడా నొక్కలేదు, నేను దేవుడికి భయపడే మనిషిని అని రాసింది. అది అబద్ధమని ఆమెకి తెలియదు. అందుకే చెవులు కూడా ఎర్రబడలేదు. కంపెనీవాళ్ళు కుదరదన్నారు.

"ఎవరో పగబట్టి చేశారు. గిట్టనోళ్ళు కావాలని నొక్కిచ్చి ఇట్టా ఖాతాలు మూయిస్తారంట," అన్నాడు అనిల్ కుమార్.

పగ అనగానే హెప్సిబాకి ఒకే మొహం గుర్తొచ్చింది. ఎర్రటెండలో నడిచి షోరూముకి పోయింది. లోపల నలుగురు బేరాలాడుతున్నారు. వాళ్ళముందే అడిగేసింది. "సార్, పని మానేస్తే మానేశాను, నా పొట్ట మీదెందుకు కొట్టారు? నా బ్లాగు మీకేం అడ్డమొచ్చింది?"

త్రికోటేశ్వరరావు గారు బిత్తరపోయాడు. "బ్లాగేందమ్మా? నాకు వాట్సాపులో ఫోటో పంపడమే రాదు. మా మనవరాలు పంపిద్ది. నువ్వు పోయినకాడి నుంచి వచ్చే ప్రతి ఆడమనిషీ నువ్వేదని అడుగుద్ది, ఏం చెప్పాలో తెలవక నేనే చస్తన్నా. నీ పొట్ట కొట్టి నాకేం వస్తది?"

ఎవరైనా అబద్ధం చెబుతుంటే హెప్సిబాకి ఇట్టే తెలిసిపోతుంది. ఈయన చెప్పటం లేదు. నలుగురిలో నానా మాటలూ అన్న నోటికి క్షమాపణ చెప్పటం చేతకాక, తలొంచుకుని మెట్లు దిగింది. ఈయన కాకపోతే మరెవరు? తన మీద ఇంత పగ ఎవరికుంది? దారంతా తనకి తెలిసిన మొహాలన్నీ తిరగేసుకుంది గానీ ఒక్కటీ చిక్కలేదు.

చిక్కింది ఆదివారం. అదీ ఒక్కటి కాదు.

రైలు గేటు దాటాక ఉంటుంది వాళ్ళ చర్చి. ఎడంవైపు ఆడవాళ్ళు, కుడివైపు మగవాళ్ళు, చాపల మీద. పాటలు అయ్యాయి. ఎవరికైనా మేలు జరిగితే లేచి మైకులో చెప్పుకునే సాక్ష్యాల వేళ వచ్చింది. పాస్టరు ఏసయ్య గారు గొంతు సవరించుకున్నారు.

"మన సహోదరి ఆరోగ్యమ్మ గారు మొన్నామధ్య ప్రథమ ఫలం తెచ్చి సాక్ష్యం చెప్పారు. వాళ్ళ అమ్మాయి ఫోనులో ఏదో రాస్తుందని, అందులో వచ్చే ప్రకటనలు నొక్కితే డబ్బులు పడతయ్యని, ఆ పని వృద్ధి కావాలని ప్రార్థన సహాయం అడిగారు. మనం నోటితో ప్రార్థన చేసి చేతులు కట్టుకు కూర్చున్నామా? లేదు! సంఘమంతా ఒక కుటుంబం. రోజూ పొద్దున ప్రార్థన కాగానే నేనూ నొక్కాను. ఇంకా ఎవరెవరు నొక్కారు? చేతులెత్తండి."

చేతులు లేచాయి.

హెప్సిబా తల తిప్పి చూసింది. ఆడవాళ్ళ వైపు ఒక్క చెయ్యి దిగి లేదు. మగవాళ్ళ వైపు కూడా. కూలికి పోయే చేతులు, గాజుల చేతులు, ఈమధ్యే పెన్షను తెచ్చుకున్న ముసలి చేతులు. పక్కనే కూర్చున్న వాసంతి అక్క రెండు చేతులూ ఎత్తి, చెవిలో గుసగుసగా అంది. "మా ఆయన ఫోనులో ఒకసారి, నా ఫోనులో ఒకసారి. ఏ రోజూ తప్పలేదే."

హెప్సిబా పగవాళ్ళ కోసం ఊరంతా వెతికింది. ఒక్క పగవాడూ లేడు. తన పెళ్ళికి అరిటాకులు కోసినవాళ్ళు, తన బిడ్డకి జ్వరమొస్తే ఉపవాసం ఉన్నవాళ్ళు, వీళ్ళంతా చేరి, పొద్దున్నే, ప్రార్థన చేసి మరీ తన బతుకుతెరువు మీద వేళ్ళు పెట్టి నొక్కారు. కోపం రావాలి. రావటానికి దానికి దారి దొరకలేదు.

"రామ్మా హెప్సిబా, నువ్వూ ఒక మాట చెప్పు," అని ఏసయ్య గారు మైకు చాపారు.

లేచింది. ముందు వరసలో తెల్లచీర కట్టుకుని ఆరోగ్యమ్మ కూర్చుని ఉంది. ఆ మొహం వెలిగిపోతోంది. కూతురి కోసం బతుకులో మొదటిసారి తొడిమలు తీయటం కాకుండా వేరే పని చేయగలిగాననే వెలుగు అది. ఆ మొహం చూశాక నిజం చెప్పబుద్ధి కాలేదు. "అందరికీ వందనాలు," అంది హెప్సిబా. "మీరు... మీ ప్రేమ నేను మర్చిపోలేను. పని... పని బాగానే జరుగుతోంది. స్తోత్రం."

అందరూ స్తోత్రమన్నారు. ఆరోగ్యమ్మ ఒక్కతే అనలేదు. ఆమె కూతురి చెవుల వంక చూస్తోంది.

చర్చి వదిలాక రైలు గేటు పడి ఉంది. గూడ్సు బండి పోతోంది. ఆ మోతలో ఆరోగ్యమ్మ కూతురి మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"ఏమే, మైకు ముందు నీ చెవులు ఎందుకట్టా కందినయ్?"

"ఎండకమ్మా."

"ఇంకా కందినయ్. చెప్పు."

హెప్సిబా చెప్పేసింది. ఖాతా పోయింది, డబ్బు పోయింది, ఇక రాదు, ఉద్యోగం కూడా మానేశాను, తెలిసినవాళ్ళు నొక్కితే దొంగతనం కింద లెక్కేస్తారమ్మా, అని మొత్తం చెప్పింది. బండి పోయింది, గేటు లేచింది, జనం కదిలారు. ఆరోగ్యమ్మ కదల్లేదు. గేటు పక్కన దిమ్మె మీద కూలబడింది.

"అంటే మేమే చంపామా దాన్ని?"

హెప్సిబా కొంగుతో తల్లికి ఎండ అడ్డం పట్టింది.

"మిరపతోట బాగా ఎదగాలని నీళ్ళు పెట్టీ పెట్టీ వేరు కుళ్ళబెట్టుకున్నట్టు... నేనే గదే మైకులో చెప్పింది. నేనే గదే ఇల్లిల్లూ తిరిగి ఎట్టా నొక్కాలో చూపిచ్చింది." తన చిటికెన వేలి వంక అదెవరిదో అన్నట్టు చూసుకుంది. "నొక్కమాకండని ముందే ఒక్క మాట చెబితే నీ నోటి ముత్యాలు రాలతయ్యా?"

అప్పుడు వచ్చింది కోపం. "నొక్కమని నేనెప్పుడన్నానమ్మా? చదివేవాళ్ళు నొక్కితే అన్నాను. అంతమంది చేతులెత్తారే, అందులో ఒక్కరన్నా చదివారా? కూర్చుని నేను రాసిన ఒక్క ముక్కన్నా చదివారా? నువ్వు చదివావా?"

ఆరోగ్యమ్మ నిజంగానే విస్తుపోయింది. "చదవాలా?" అంది.

ఆ ఒక్క మాట హెప్సిబాకి కంపెనీ మెయిలు కంటే గట్టిగా తగిలింది. రోజూ రెండు పూటలా కళ్ళజోడు పెట్టుకుని బైబిలు చదివే మనిషి. కూతురు ఏం రాస్తోందో చూడాలని ఒక్కసారి కూడా అనిపించలేదు. ఇన్ని రోజులూ తన మాటలకి వేలమంది కదిలిపోతున్నారనుకుని ఒళ్ళు జలదరించింది. అదంతా ఈ రైలు గేటుకి ఇటువైపు ఉన్నవాళ్ళే, అదీ తన మాట దాటేసి, కింద ప్రకటన బొమ్మని వెతుక్కుని నొక్కినవాళ్ళే. దిమ్మె మీద తల్లి పక్కనే కూర్చుని, ఎండలో, జనం చూస్తుండగా ఏడ్చింది.

ఆరోగ్యమ్మ ఓదార్చలేదు. చేతిసంచిలోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుంది, ఫోను తీసింది. చిటికెన వేలితో పేజీ తెరిచింది. "ఏడ మొదలెట్టాలి?" అంది. తర్వాత కూతురి జవాబు కోసం చూడకుండా, బైబిలు చదివే రాగంలోనే, పైకి చదవటం మొదలుపెట్టింది.

"మా ఇంట్లో ఏ మిక్సీని పరీక్ష చేయాలన్నా ఎండుమిరపకాయలతోనే చేస్తాము. పక్కన మా అమ్మని కూర్చోబెడతాము. మా అమ్మ బతుకంతా మిరపకాయల తొడిమలు తీసింది. ఘాటు ఆమెని ఏమీ చేయలేదు. అలాంటి మా అమ్మ దగ్గిందంటే ఆ మిక్సీ మూత పట్టదని అర్థం. మా అమ్మ దగ్గిన మిక్సీ మీరు కొనకండి."

ఆగింది. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ అదే చదివింది.

"నా దగ్గు గురించి రాశావటే?" అంది. "ఊరికే కూర్చోబెట్టుకుంటన్నావనుకున్నా."

ఆ సాయంత్రం సంఘం వాట్సాపు గ్రూపులో ఆరోగ్యమ్మ గొంతు మోగింది. "అందరికీ వందనాలు. నేను తెలవక తప్పు చేశాను, మీ చేతా చేయించాను. మనం నొక్కబట్టే పిల్ల పని పోయింది. ఎవరూ ఇక ఏదీ నొక్కమాకండి. చదవండి. కూర్చోని, మొదట్నించీ చదవండి. నేను రేపు వచ్చి అడుగుతా." ఆమె అడుగుతానంటే అడుగుతుందని సంఘంలో అందరికీ తెలుసు. ఆ గొంతు విని ఏసయ్య గారైతే నోటి దగ్గర ముద్ద పళ్ళెంలో పెట్టేశారట. చేసిన పనికి ఇంటింటా తలలు పట్టుకున్నారు. తలలు పట్టుకుంటూనే చదివారు.

చదివితే డబ్బులు రావు. బియ్యం డబ్బా అడుగు కనపడ్డాక హెప్సిబా పరువు పక్కనబెట్టి షోరూముకి పోయింది. అన్న మాటలకి క్షమించమంది. త్రికోటేశ్వరరావు గారు నీలం మిక్సీల పెట్టెల వంక చూశాడు. "కౌంటరు కాడ నోరు అదుపులో పెట్టుకుంటానంటే రేపు పొద్దున్నే రా. ఆ నీలంవి ఒక్కటీ కదల్లేదు. అయి నువ్వే కదపాల," అన్నాడు. హెప్సిబా తల ఊపింది.

మర్నాడు షట్టరు ఎత్తేసరికి నీలం మిక్సీలు వాకిట్లో గోడలా పేర్చి ఉన్నాయి. త్రికోటేశ్వరరావు గారు అగరొత్తి వెలిగించి పటం ముందు తిప్పుతున్నాడు. హెప్సిబా కౌంటరు వెనక నిలబడి, ఎవరూ రాకుండా ఉంటే బాగుండు దేవుడా అనుకుంది. అనుకుంటుండగానే వాసంతి అక్క గడప తొక్కింది, బోణీ బేరంగా.

"మిక్సీ కావాల," అంది.

"రా అమ్మా, రా! నీలంది తీసుకో, సగం ధరకే," త్రికోటేశ్వరరావు గారు అగరొత్తితోనే ఎదురెళ్ళాడు. "మంచి మిషను. చెప్పు హెప్సిబమ్మా."

హెప్సిబా నోరు తెరిచింది. చెవులు వేడెక్కటం తెలుస్తూనే ఉంది.

"ఆమె చెప్పేదేంది, చెప్పనే చెప్పింది," అంది వాసంతి. కొంగులోంచి ఫోను తీసి, షాపంతా వినపడేట్టు చదివింది. "ఎండుమిరపకాయలు వేశారా, మీరు వంటింట్లో ఉండరు, వీధిలో ఉంటారు. ఇదిగో, బొమ్మ కూడా ఉంది. నీలందే."

త్రికోటేశ్వరరావు గారి మొహం మాడిపోయింది. "ఎవడమ్మా ఆ చెత్త రాసింది?"

వాసంతి అప్పుడు నాలిక కరుచుకుంది. ఆ పేజీలో పేరు లేదు. వాసంతి చెప్పదు. హెప్సిబా కూడా చెప్పక్కర్లేదు. ఊరికే నిలబడితే చాలు, ఉద్యోగం ఉంటుంది. ఆమెకి చర్చిలో మైకు గుర్తొచ్చింది. అక్కడ ప్రేమ కోసం చెప్పిన అబద్ధమే అరగలేదు.

"నేనే రాశాను సార్," అంది. చెవులు చల్లబడ్డాయి.

అగరొత్తి మీద బూడిద పెరిగి పెరిగి ఆయన చొక్కా మీద రాలింది. ఆయన దులుపుకోలేదు. హెప్సిబాని చూశాడు, నీలం గోడని చూశాడు. వాసంతి ఫోను కొంగులో కట్టుకుని, "సరే అయితే, ఎదురు షాపులో చూసుకుంటాలే," అని గడప వైపు తిరిగింది. మెట్ల కింద ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు చెప్పులు విడుస్తున్నారు. వాళ్ళ చేతుల్లోనూ ఫోన్లున్నాయి.

"ఆగమ్మా, ఆగు! బోణీ బేరం!" త్రికోటేశ్వరరావు గారు గడపకి అడ్డం వచ్చాడు. హెప్సిబా వైపు తిరిగి, పంటిబిగువున, ఒక్కొక్క మాటే అన్నాడు. "ఏది కారదో... అది చూపియ్యి."

హెప్సిబా స్టూలెక్కి పై అరలోంచి బరువైన పాత రకం మిక్సీ దించింది. మూత తీసి వాసంతి చేతికిచ్చింది.

"ఇది మా అమ్మని దగ్గించలేదక్కా," అంది.